మూడో వడ్డన

ఎనిమిదో తరగతి నేను రెండేళ్లు చదివాను. మొదటి ఏడాది పాఠాలు నాకు అర్థం కాలేదు. రెండో ఏడాది నేను మాస్టారికి అర్థమయ్యాను. మా నాన్నను బడికి పిలిపించి, చదువు తప్ప ఇంకేదైనా నేర్పించమని చేతులు పట్టుకుని బతిమాలాడు పాపం. అలా నరసరావుపేటలో మోటారు వైండింగు షాపులో చేరి, ముప్పై ఏళ్లుగా రాగి తీగ చుడుతున్నాను. కాలిపోయిన మోటారు షాపుకొస్తే విప్పకుండానే రోగం చెప్పేస్తాను. వాసన చూస్తాను, ఇరుసును ఒక్కసారి తిప్పుతాను, తీర్పిస్తాను. రైతులు నోరు తెరుచుకుని చూస్తారు. చదువు లేనివాడికి దొరికే గౌరవం అదొక్కటే కాబట్టి దాన్ని నేను బాగా వాడుకున్నాను. పదింటిలో ఏడు తీర్పులు నిజమయ్యేవి. తప్పిన మూడింటి సంగతి ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు.

మొన్న ఆ అలవాటుతోనే కోయంబత్తూరు, మదురై వెళ్లొచ్చాను. అటు పోనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

కోయంబత్తూరు

కోయంబత్తూరులో గణపతి అనే పేటలో మా గోవిందరాజ్ వర్క్‌షాపు ఉంది. బోరు మోటార్లకు విడిభాగాలు చేస్తారు. ఇరవై ఏళ్లుగా నా షాపుకు సరుకు వాళ్ల దగ్గరి నుంచే. వాళ్లది తెలుగిల్లు. ఎన్ని తరాల కిందట వచ్చారో వాళ్లకే తెలియదు. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. గోవిందరాజ్ భార్య కృష్ణవేణి సరుకు చీటీలో తెలుగు మాటలు అరవ అక్షరాల్లో రాస్తుంది. మా ఊళ్లో ఈ సంగతి చెబితే, "అయితే వాళ్లు తెలుగోళ్లేంటి?" అంటారు. అలా అనేవాళ్ల పిల్లలు ఇంగ్లీషు బళ్లో చదువుతూ తెలుగు కూడబలుక్కుంటుంటారు. అది వేరే సంగతి.

ఆ ఊళ్లో మర్యాద ఎక్కువ. ప్రతి మాట చివరా "ంగ" తగిలిస్తారు. ఆటోవాడు "ఎక్కండంగ" అంటాడు, చిల్లర లేదంటే "పరవాలేదుంగ" అంటాడు. మా పేటలో ఆటోవాడు చిల్లర లేదన్నవాణ్ణి అనే మాట అచ్చు వేయలేం. మొదటి రోజంతా నేను మనిషినైపోయినట్టే అనిపించింది.

వర్క్‌షాపుకు వెళ్లేసరికి లేతు మిషను ముందు కృష్ణవేణి నిలబడి ఉంది. చీర కొంగు నడుముకు బిగించి, చేతులకు నూనె మరకలతో. ముందెప్పుడొచ్చినా ఆ చోట గోవిందరాజ్ ఉండేవాడు. నన్ను చూడగానే "ఏం ఆంధ్రా, ఇంకా బతికుండావా?" అనేవాడు. మా ఇద్దరికీ పలకరింపంటే అదే. ఈసారి లేతు చప్పుడొక్కటే పలకరించింది.

సంగతి ఫోనులో కొంత తెలుసు, మిగతాది ఆవిడ చెప్పింది. మూడేళ్ల కిందట పోత ఇనుము పెట్టె ఒకటి గోవిందరాజ్ నడుము మీద పడింది. నొప్పికి బిళ్లలు రాశారు. నొప్పి పోయింది, బిళ్లలు పోలేదు. చీటీ రాయడం ఆపేస్తే చీటీ లేకుండా ఇచ్చే చోట్లు వెతుక్కున్నాడు. చివరికి ఆ బిళ్లలే నూరి, నీళ్లలో కలిపి, సూదితో నరంలోకి ఎక్కించుకునేదాకా వెళ్లాడు. పని పోయింది, తిండి పోయింది, మనిషి సగమయ్యాడు. ఇప్పుడు మదురై ఆస్పత్రిలో చూపించి, తోడు తిరిగిన బిళ్లల స్నేహితులకు దూరంగా తిరుమంగలం అవతల మేనమామ ఊళ్లో ఉంచారు.

సాయంత్రం నన్ను ఆర్.ఎస్. పురం బజారుకు తీసుకెళ్లి భర్తకు రెండు చొక్కాలు కొంది. కొలత చెప్పమంటే కొట్టువాడి ముందు తడబడింది. పాత కొలత చెప్పాలో, సగమైన మనిషి కొలత చెప్పాలో తేల్చుకోలేక పాత కొలతే తీసుకుంది. వదులైతే? అన్నాను. వదులు నిండేదాకా కుట్టు వేయిస్తానంది. కాఫీ తాగుతూ ఆ చొక్కాల సంచీ నా చేతికిచ్చింది.

"ఆయన నవ్వి ఏడాది ఆయె అన్నా. డాక్టరు మందు డాక్టరు ఇస్తుండాడు. మీరు పోయి నాలుగు దినాలుండి నవ్వించి రాండి. అది మీ చేతనే అవుతుంది."

నన్ను ఎవరైనా ఒక పనికి ఇంత నమ్మి పిలవడం అదే మొదటిసారి. పొంగిపోయాను.

ఉడుమలైపేట

నేనూ షుగరు మనిషినే. వారానికోసారి పొట్ట మీద పొడుచుకునే కొత్త సూది రాశారు మా డాక్టరు. దాని నెల ఖరీదుతో మా ఇంట్లో పాలూ కూరగాయలూ రెండూ వచ్చేస్తాయి. దాన్ని చంటిపిల్లలా ఐసు ఫ్లాస్కులో పెట్టుకుని తిరగాలి. ఆ ఫ్లాస్కు, చొక్కాల సంచీ మదురై బస్సులో సీటు మీద ఉంచి, ఉడుమలైపేటలో షుగరు మనుషులకు తప్పని పని మీద బస్సు దిగాను. వచ్చేసరికి బస్సు లేదు.

బస్టాండులో నిలబడి తెలుగులో తిట్టుకుంటుంటే, కొబ్బరికాయల మూటల పక్కన మోపెడ్ మీద కూర్చున్న పెద్దాయన తల తిప్పాడు. తలగుడ్డ, చెవుల నిండా వెంట్రుకలు. "ఏ ఊరి తెలుగు మీది?" అన్నాడు. నరసరావుపేట అన్నాను. "తిట్లు మాత్రం మా ఊరివే" అని, వెనక ఎక్కమన్నాడు. రోడ్డుకు రెండు పక్కలా కొబ్బరి తోటలు, పీచు మిల్లుల దుమ్ము, ఎదురుగా ట్రాక్టర్లు. అంత వేగంలోనూ ఆయన వెనక్కి తిరిగి తిరిగి మాట్లాడుతున్నాడు. మీ దిక్కు వాన పడిందా, మీ దిక్కు కొబ్బరి ఎంత, మీ దిక్కు మాలాంటివాళ్లున్నామని తెలుసా అని. ముందు రెండింటికీ జవాబు చెప్పాను. మడత్తుకుళం దగ్గర బస్సును పట్టుకున్నాం. డబ్బు తీసుకోలేదు. పైగా కాయ కొట్టి నీళ్లు తాగించాడు. అక్కడ తోట దగ్గర బొండం ధర మా పేటలో ఖాళీ గ్లాసు ధర.

ఫ్లాస్కు భద్రంగా ఉంది. సంచీ కూడా. అంతా మంచిగా జరుగుతోందని ఆ పూట నాకు గట్టి నమ్మకం.

మదురై

మదురైలో "ంగ" లేదు. "దిగు", "జరుగు", "చిల్లర తీయ్" అంతే. మా ఊరికి వచ్చినట్టుంది.

మర్నాడు ఆస్పత్రిలో గోవిందరాజ్‌కి వారానికోసారి సూది వేసే రోజు. మేనమామ రామసామి నాయుడు అతన్ని తీసుకుని ఆస్పత్రికి వచ్చాడు. నేను గేటు దగ్గర కలుసుకున్నాను. గోవిందరాజ్ నన్ను చూసి ఆగాడు. మెడ సన్నబడింది, చొక్కా చేతులు ఎండలోనూ మణికట్టు దాకా దించుకున్నాడు. "ఏం ఆంధ్రా" అన్నాడు. మిగతా సగం అనలేదు.

లోపల సంగతి చెబుతాను, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. బిళ్లల అలవాటు మాన్పడానికి నాలుక కింద కరిగే మాత్ర ఒకటి రోజూ ఇస్తారు. అది అసలు వైద్యం, అందరికీ ఒకటే. దానికి తోడుగా, షుగరుకు వాడే వారం సూది ఒకటి కలిపితే ఇంకా మేలవుతుందేమోనని ఇప్పుడు పరీక్షిస్తున్నారు. నేను పొడుచుకునే మందే. తిండి యావ తగ్గించే ఆ మందు, తలలో అదే చోట కూర్చున్న బిళ్లల యావనూ తగ్గిస్తుందా అన్నది వాళ్ల ప్రశ్న. చేరినవాళ్లలో కొందరికి నిజం మందు, కొందరికి మందు లేని ఉత్త నీళ్లు. ఎవరికి ఏదో పేషెంటుకు తెలియదు, నర్సుకు తెలియదు.

డాక్టరు కుర్రవాడు, కళ్లద్దాలు. నేను వర్క్‌షాపుల్లో నేర్చిన అరవంలో, గోవిందరాజ్‌కి ఏది వేస్తున్నారని అడిగాను. నాకూ తెలియదన్నాడు. నేను నవ్వాను. ఇన్నేళ్లు చదివి తెలియదంటే ఎలా అన్నాను. ఆయనా నవ్వి, తెలిస్తే మందు పని చేస్తోందో ఆశ పని చేస్తోందో చెప్పలేమని, అందుకే తెలియకుండా కట్టుదిట్టం చేశామని ఓపిగ్గా చెప్పాడు. బయటికొస్తుంటే నర్సు మాకు ముగ్గురికీ మళ్లీ చెప్పింది. ఇంట్లో ఎవరూ ఇది మందా నీళ్లా అని ఊహలు చేయొద్దు, అతని దగ్గర ఆ మాటే ఎత్తొద్దు అని. ఆ మాట నేను విన్నాను. విన్నానని ఇక్కడ రాసి పెడుతున్నాను.

బయట వీధిలో పత్తి పాలు తాగాం. పత్తి గింజలు రుబ్బి, పాలు తీసి, బెల్లమూ శొంఠీ వేసి కాస్తారు. మా దిక్కు పత్తి గింజలు గేదెల పాలు. నేను రెండు గుక్కలు తాగి ఆపేశాను. గేదెగా పుట్టి ఉంటే ఇంకో గ్లాసు తాగేవాణ్ణి అన్నాను. రామసామి నాయుడు నవ్వాడు. గోవిందరాజ్ గ్లాసు ఖాళీ చేసి, నాది కూడా తీసుకుని తాగాడు. నవ్వలేదు. కృష్ణవేణి అప్పగించిన పని గుర్తొచ్చి నాకు పంతం పట్టింది.

నల్లరేగడి

తిరుమంగలం దాటితే నేల నల్లబడుతుంది. గుంటూరు జిల్లా నేలే తెచ్చి పరిచినట్టుంటుంది. పత్తి, సజ్జ, మధ్యమధ్య సర్కారు తుమ్మ. రామసామి నాయుడి ఇల్లు చిన్నది, నాలుగు ఎద్దుల కొట్టం పెద్దది. ఎద్దులు రెండే మిగిలాయి. నాలుక కింద మాత్రల డబ్బా ఆయన బీరువాలో, తాళం చెవి మొలతాటికి. రోజూ పొద్దున గోవిందరాజ్ నోరు తెరిపించి, మాత్ర వేసి, కరిగేదాకా ఎదురుగా కూర్చుంటాడు. గేదె ఈనేటప్పుడు కూర్చున్నట్టు కూర్చుంటాడు, మాటా పలుకూ లేకుండా.

ఆయన భార్య లక్ష్మమ్మ. అందరికీ అత్త, రెండు గంటల్లో నాకూ అత్తమ్మ. ఆ ఇంట వడ్డన పద్ధతి ఒకటుంది. మొదటి వడ్డన ఆకలికి, రెండోది రుచికి, మూడోది ఇంటి మర్యాదకు. మూడో వడ్డన వద్దంటే వంట బాగాలేదన్నట్టు. రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి వడ్డిస్తారు. మా దిక్కూ కొసరి పెడతారు గానీ, మేం రెండోసారికే అలిసిపోయి టీవీ చూస్తాం.

ఆదివారం మధ్యాహ్నం సజ్జన్నం, నాటుకోడి పులుసు, పుల్చకీర. పుల్చకీర అంటే మన గోంగూరే. పేరు మారినా పులుపు మారలేదు. గోవిందరాజ్, రామసామి నాయుడు, నేను వరసగా కూర్చున్నాం. మొదటి వడ్డనకే నా పొట్ట బిగిసింది. గోవిందరాజ్ రెండోది ముగించి ఆకు ముందుకు జరిపాడు. అత్తమ్మ గరిటె పట్టుకుని నా వంక చూసింది. కళ్లలో నీళ్లు.

"ఎనిమిది నెలలు వీడు ఒక పిడికెడు కూడు తినిందిలేదుప్పా. ఆకు ముందర కూర్చుంటే నాకే ఏడుపొచ్చేది. ఇప్పుడు చూడు, మూడో వడ్డన వాడే అడుగుతుండాడు. మా పిల్లోడు తిరిగొచ్చేసినాడు."

ఆ మాట అని అతని ఆకులో మూడోది వడ్డించాక గరిటె నా ఆకు మీదికి వచ్చింది. రెండు చేతులూ అడ్డం పెట్టాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. ఆంధ్రా నుంచి వచ్చిన మనిషి మొదటి వడ్డనకే లేస్తున్నాడే, ఉప్పు తక్కువైందా, కారం ఎక్కువైందా అని మొదలుపెట్టింది. ఆవిడ మనసు కష్టపెట్టకూడదనే నేను నోరు తెరిచాను. మంచి ఉద్దేశమే. నా మంచి ఉద్దేశాలన్నిటికీ చివర ఒక జోకు తగులుకుని ఉంటుంది, అదే తంటా.

"వంటది తప్పు కాదు అత్తమ్మా, తప్పంతా నా సూదిది. ఆ షుగరు సూది పొడుచుకున్నవాడు మొదటి వడ్డనకే దండం పెట్టి లేస్తాడు. గోవిందును చూడండి, మూడోది. వీడికి పొడిచేది కొళాయి నీళ్లు."

రామసామి నాయుడికి పొలమారింది. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోవిందరాజ్ నవ్వాడు. మామూలు నవ్వు కాదు, భుజాలు ఊగేలా, పాత గోవిందరాజ్ లేతు పక్కన నిలబడి నవ్వినట్టు. ఏడాది తర్వాత. నవ్వి నవ్వి, ఆకు మీద అన్నం అలాగే ఉండగా, ఆకును తన వైపుకు మడిచేశాడు.

చేయి కడుక్కుని పెరట్లోకి పోయి కృష్ణవేణికి ఫోను చేశాను. "నవ్వించాను చెల్లెమ్మా" అన్నాను. అవతల ఆవిడ ముక్కు చీదింది. ఏడుస్తోందని తెలిసింది. ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను.

సాయంత్రం బావి దగ్గర మోటారు షెడ్డులో ఉన్నాను. పాత మోటారు, మూలుగుతోంది. విప్పకుండానే బేరింగు పోయిందని రామసామి నాయుడికి చెప్పేశాను. ఆయన కొత్త బేరింగుకు తిరుమంగలం మనిషిని పంపాడు. గోవిందరాజ్ వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. కొంతసేపు మోటారు చప్పుడు విన్నాడు. తర్వాత అడిగాడు.

"నీకు ఎన్నో సూదికి ఆకలి చచ్చింది ఆంధ్రా?"

"మొదటిదానికే" అన్నాను.

అది అబద్ధం. మా డాక్టరు నాకు కొంచెం కొంచెం మోతాదుతో మొదలుపెట్టాడు. మొదటి నెలంతా నేను గారెలు లాగించాను. రెండో నెల చివర్లో గానీ తేన్పులూ వికారమూ రాలేదు. గోవిందరాజ్‌కి అప్పటికి మూడు సూదులే పడ్డాయి. కానీ నిజం చెబితే మధ్యాహ్నం జోకు చెడిపోతుంది. ఒక మంచి జోకును నిజం చెప్పి పాడుచేసే అలవాటు నాకు లేదు.

అతను తల ఊపాడు. "మూడయ్యాయి నాకు" అని లేచి వెళ్లాడు.

మళ్లీ నల్లరేగడి

మర్నాడు పొద్దున అత్తమ్మ ఇడ్లీ పెడితే ఒక్కటి తిని ఆకు మడిచాడు. ఆకలి లేదన్నాడు. అది చూసి నాకు తేలికపడింది. మందు పని చేస్తోంది కాబోలు, నా జోకే తప్పు కాబోలు అనుకున్నాను. అంత తెలివి. ఆకలి లేదని అతను ఎవరిని నమ్మించాలనుకున్నాడో, అత్తమ్మనా, నన్నా, తన్నుతానా, ఇప్పటికీ నాకు తెలియదు. అత్తమ్మ మాత్రం ఇడ్లీ పాత్ర మూత పెట్టి, కొట్టం వైపు వెళ్లి చాలాసేపు రాలేదు.

మధ్యాహ్నం ఎద్దుల తొట్టి కడుగుతుంటే రామసామి నాయుడికి తొట్టి పక్కన సగం కరిగిన తెల్ల మాత్ర దొరికింది. నాలుక కింద పెట్టించుకుని, మామ కళ్లు మరలగానే ఉమ్మేశాడన్నమాట. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని తీసుకొచ్చి నాకు చూపించాడు. నేనే ఏదో అనబోయాను. జీవితంలో మొదటిసారి ఏ జోకూ రాలేదు.

గోవిందరాజ్‌ను అడిగితే ఒప్పుకున్నాడు. సూది నీళ్లయితే మాత్ర మాత్రం ఏమిటో ఎవరు చూశారన్నాడు. మాత్ర అందరికీ నిజమేనని డాక్టరు చెప్పాడు కదా అన్నాను. సూది సంగతి తెలియదన్నవాడే కదా ఆ మాటా చెప్పింది అన్నాడు. అప్పుడు నిజం చెప్పాను. నాకూ మొదటి నెల ఏమీ కాలేదని, గారెలు తిన్నానని, నిన్న ఊరికే అన్నానని. నా వంక చూసి నవ్వాడు. నిన్నటి నవ్వు కాదు. "నన్ను ఊరడించేదానికి చెప్తుండావు" అన్నాడు. ముప్పై ఏళ్లుగా అబద్ధాన్ని రుచిగా చెప్పడం నేర్చుకున్నాను. నిజం చెప్పాల్సి వచ్చేసరికి చప్పగా వచ్చింది.

మోటారుకు కొత్త బేరింగు వేశారు. మూలుగు ఆగలేదు. బేరింగు కాదు రోగం.

ఆ మర్నాడు పొద్దున క్షవరానికి తిరుమంగలం వెళ్తానని బయల్దేరిన మనిషి మధ్యాహ్నానికీ రాలేదు. రామసామి నాయుడూ నేనూ మదురై వెళ్లి, కోయంబత్తూరు బస్సులు కదిలే అరపాలయం బస్టాండంతా తిరిగాం. ఆయన తెల్ల పంచె, నా చెప్పుల చప్పుడు. ప్రతి బస్సు కిటికీలోకీ తొంగి చూశాం. పూలమ్మే ఆవిడను అడిగాం. చేతులు మణికట్టు దాకా కప్పుకున్న మనిషి కదా, పొద్దున్నే పోయినాడు అంది. రామసామి నాయుడు ఆవిడ బుట్ట పక్కనే సిమెంటు గట్టు మీద కూర్చుండిపోయాడు. ఆమె మాకు చెరో మూర మల్లెపూలు అమ్మజూపింది. ఎవరికని కొనాలి?

"వాడు మూడో వడ్డన అడిగిన దినం మా ఆడది రాత్రంతా నిద్రపోలేదు, సంతోషంతో" అన్నాడాయన. నన్ను తిట్టడానికి అనలేదు. గుర్తొచ్చి అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తిరిగి కోయంబత్తూరు

రెండు రోజులకు దొరికాడు. పాత బిళ్లల స్నేహితుడి గదిలో ఉన్నాడని కబురొస్తే కృష్ణవేణి తమ్ముడు వెళ్లి తెచ్చాడు. నేను వెళ్లేసరికి వర్క్‌షాపు వెనక గదిలో చాప మీద గోడ వైపుకు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను తీసుకెళ్లి ఇచ్చిన కొత్త చొక్కాతోనే వచ్చేశాడు. వదులుగా ఉంది.

పక్కన కూర్చున్నాను. గోడతోనే అన్నాడు, "నీళ్లకోసం అంత దూరం ఎందుకు పోవాల ఆంధ్రా? మా కొళాయిలోనే వస్తాయి."

నా జోకే. నాకే తిరిగి చెప్పాడు.

కృష్ణవేణి మదురై డాక్టరుకు ఫోను చేసి, స్పీకరు పెట్టింది. ఆయన అరవంలో నెమ్మదిగా చెప్పాడు. మేం మోతాదు కొంచెం కొంచెంగా పెంచుతాం, మూడో సూదికి ఆకలి తగ్గకపోవడం వింత కాదు. బిళ్లలు మానినవాళ్లకు పోయిన ఆకలి తిరిగి రావడం మామూలే, తినడం మంచి గుర్తే. తినేదాన్నిబట్టి మందో నీళ్లో ఎవరూ చెప్పలేరు. నాలుక కింద మాత్ర వైద్యానికి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, రేపే తీసుకురండి, ఆలస్యం చేయొద్దు, ఇన్నాళ్లు మాని మళ్లీ పాత లెక్కన ఎక్కించుకుంటే ప్రాణానికే ముప్పు. పరీక్షలో మాత్రం ఇక చోటు ఇవ్వలేము. సూదిలో ఏముండిందో ఇప్పుడు చెప్పగలరా అని ఆవిడ అడిగింది. నాకూ తెలియదమ్మా అన్నాడు, ఎవరికి ఏదో రాసి మూసిన కవరు ఉంటుందని, పరీక్షంతా ముగిశాక గానీ ఆ కవరు తెరవరని. ఈసారి నాకు నవ్వు రాలేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ అన్నం పెట్టింది. అన్నంలోనే పప్పు కలిపి వండే వాళ్ల వంట, పైన నెయ్యి. తిట్టలేదు, అడగలేదు, మామూలుగా వడ్డించింది. మూడు ముద్దలు దిగలేదు నాకు. సూది వల్లేనా అని అడిగింది. అవునన్నాను. ఆ వారం నేను సూది వేసుకోలేదు. ఫ్లాస్కులో ఐసు కరిగిపోయి ఎన్ని రోజులైందో.

స్టేషనుకు ఆటోవాడు "రాండంగ" అన్నాడు. ఆ మర్యాద భరించలేకపోయాను.

నరసరావుపేట

గోవిందరాజ్‌ను మళ్లీ మదురై తీసుకెళ్లారు. నాలుక కింద మాత్ర మళ్లీ మొదటి రోజు నుంచి. మొలతాటికి తాళం చెవి, ఎదురుగా రామసామి నాయుడు. ఈసారి అరగంట కూర్చుంటాడట. అత్తమ్మ రెండో వడ్డనతో ఆపేస్తోందట. మూడోది వాడు అడగడు, ఆవిడ పెట్టదు. ఆ ఇంట్లో ఆ పద్ధతి నాతోనే పోయింది.

ఇక్కడ నేను మోటార్లు విప్పి చూస్తున్నాను. విప్పకుండా ఏమీ చెప్పడం లేదు. రైతులకు నా మీద గౌరవం తగ్గింది.

ఇదంతా రాసి, వాళ్ల మీద రాసింది వాళ్లకు తెలియకుండా అచ్చు కాకూడదనిపించి, కృష్ణవేణికి ఫోను చేశాను. మా అక్షరాలు ఆవిడ చదవలేదు కాబట్టి మొదటి నుంచి చివరిదాకా నేనే చదివి వినిపించాను. లేతు ఆపి వింది. మొదటి పేరా, ఎనిమిదో తరగతి జోకు దగ్గర కూడా నవ్వలేదు. అంతా అయ్యాక నేనే ఊరుకోలేక, ఆ కవరు తెరిచేదాకా ఎందుకు, సూదిలో నిజం మందే ఉండి ఉంటుందని నా మనసు చెబుతోంది చెల్లెమ్మా అన్నాను.

"డాక్టరు అంత చదువు చదివి, నాకు తెలీదు అని చెప్పేదాన్ని నేర్చుకున్నాడు అన్నా. ఆ పాఠం తొమ్మిదిలో ఉంటుందేమో. మీరు ఎనిమిదిలోనే నిలిపేసినారు."